నా పేరుతో అమ్మిన ఓవెన్

ఉద్యోగం తీసేశారని నాకంత కోపం రాలేదు. కారు తాళాలు అక్కడికక్కడే బల్ల మీద పెట్టమన్నారే, దానికి వచ్చింది. కారు కంపెనీదే, కాదనను. కానీ ఇరవై ఏళ్లకు పైగా జట్లండ్ పడమటి తీరమంతా బేకరీ బేకరీకీ తిరిగి ఓవెన్లు అమ్మిన మనిషిని నేను. అలాంటిదాన్ని రబ్బరు బూట్లూ, పిండి మరకల కోటూ ప్లాస్టిక్ సంచిలో వేసుకుని బస్సెక్కి పొమ్మన్నారు. మా ఊరు లెమ్‌విగ్‌లో దిగేసరికి వాన. బస్టాండు నుంచి ఇంటిదాకా తిట్టుకుంటూనే నడిచాను.

కంపెనీని కొనుక్కున్న కొత్తవాళ్లు, ఇకమీదట బేకరీలవాళ్లు కంప్యూటర్ తెర మీద చూసి ఓవెన్లు కొనుక్కుంటారని తేల్చేశారు. తెల్లవారకముందే లేచి మోచేతులదాకా పిండిలో ఉండేవాడు ఆ తెర ఎప్పుడు చూస్తాడో వాళ్లకే తెలియాలి.

"పోనీలే గూడ్రున్, నిన్నెవరైనా కళ్లకద్దుకుని తీసుకుంటారు" అన్నాడు మా ఆయన ఐవిన్, తడిసిన సంచి నా చేతిలోంచి తీసుకుంటూ. యాభై అయిదేళ్ల వయసున్న అమ్మకాల మనిషిని కళ్లకద్దుకునేవాళ్లు ఎవరూ లేరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన చేపల కార్ఖానాలో షిఫ్టు మేస్త్రీ. అక్కడ రెండో షిఫ్టు ఎత్తేస్తారని అప్పటికే గుసగుసలు. చలికాలం వచ్చేలోపు నాకు పని దొరికి తీరాలి. ఆ వేసవికి మా ఇంట్లో ఉన్న మాట అదొక్కటే.

నిరుద్యోగ భృతి కావాలంటే శిక్షణకు వెళ్లాలి. హోల్‌స్టెబ్రోలో, కిటికీలు తెరుచుకోని ఒక గదిలో, వాల్డెమార్ అనే కుర్రాడు అమ్మకాల ఉద్యోగాలు ఎలా సంపాదించాలో మాకు చెప్పేవాడు. కుర్రాడంటే ముప్పై ఉండవు. మెత్తటి బూట్లు, గట్టి నవ్వు.

"మీరెన్నాళ్లు చేశారు బాబూ సేల్స్‌లో?" అని మొదటిరోజే అడిగాను.

"తొమ్మిది నెలలు, గూడ్రున్ గారూ. ఫోన్ కనెక్షన్లు. అక్కడే తెలిసింది నాకు, నా మనసంతా నేర్పడంలోనే ఉందని."

ఇక నేర్పాడు. దరఖాస్తులో పుట్టిన సంవత్సరం తీసెయ్యాలట. ఫొటోలో పళ్లు కనపడాలట. ఎదుటివాడు కాలు మీద కాలేసుకుంటే మనమూ వేసుకోవాలట. చివర్లో 'మీకేమైనా ప్రశ్నలున్నాయా' అంటే లేవని మాత్రం చచ్చినా అనకూడదట. ఒకరోజు నీళ్ల గ్లాసు ఇచ్చి, పక్కవాడికి అమ్మి చూపించమన్నాడు. నా పక్కన కూర్చున్నది జీవితమంతా కిటికీలు అమ్మిన ఒక పెద్దాయన.

"దాహంగా ఉందాండీ?" అన్నాను.

"లేదమ్మా, ఇప్పుడే కాఫీ తాగాను."

"అయితే ఉంచండి. రేపొస్తా."

గది గొల్లుమంది. వాల్డెమార్ మొహం కందగడ్డయింది. "గూడ్రున్ గారూ, మీరు అమ్మకం పూర్తి చెయ్యలేదు."

"దాహం లేనివాడికి అంటగడితే రేపు నా మొహం చూడడు బాబూ. నాకు రేపు కూడా ఆ దారినే పోవాలి."

అతను ఆ మాట తన టాబ్లెట్‌లో రాసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "చూడండి, మీలాంటివాళ్ల విలువ మీ వయసులో లేదు, మీకు తెలిసిన పేర్లలో ఉంది. ఇంటర్వ్యూలో ఆ పేర్లు బల్ల మీద పెట్టండి. దాచుకునేవాళ్లని ఎవరూ తీసుకోరు." అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

మే నెలలో ఆర్హుస్ నగరంలోని కంపెనీ ఒకటి పిలిచింది. వాళ్లవీ ఓవెన్లే, మంచివే. మా తీరంలో మాత్రం వాళ్ల ఓవెన్ ఒక్కటీ లేదు. అమ్మకాల అధిపతి పేరు యానిక్. నిజం చెప్పద్దూ, మొదటిసారి నచ్చాడు. కాఫీ తనే పోశాడు, నా వయసు అడగలేదు, నేను చెప్పినదానికల్లా నవ్వాడు. వారం తిరక్కుండా రెండోసారి రమ్మన్నాడు. ఈసారి ఉత్తచేతులతో కాదు. "మిమ్మల్ని తీసుకుంటే మొదటి మూడు నెలలూ ఏం చేస్తారో మాకు చూపించండి. ఏ బేకరీకి వెళ్తారు, వాళ్ల ఓవెన్ పరిస్థితేంటి, ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, అన్నీ."

"ఉద్యోగం ఇవ్వకముందే పని చేయించుకుంటారా?" అన్నాడు ఐవిన్.

"ఇప్పుడు అందరూ ఇలాగే అడుగుతారట. వాల్డెమార్ చెప్పాడు."

"ఎవరు, ఆ నీళ్ల గ్లాసు కుర్రాడా?"

"నువ్వు కారు తాళాలిస్తావా ఇవ్వవా?"

ఇచ్చాడు. హెర్రింగ్ చేపల కంపు కొట్టే ఆ కారేసుకుని బయల్దేరాను. అడక్కుండా ఎవరి పేరూ వాడుకునే అలవాటు నాకు లేదు. మొదట ట్యూబోరోన్‌లో క్రెస్టెన్ గారి బేకరీ. రేవు పక్కనే ఉంటుంది, ముందు కొట్టు, వెనక పెరట్లో భట్టీ గది. ఇప్పుడున్న ఓవెన్ నేనమ్మిందే. మా వైపు ఒక పద్ధతుంది. మూడో కప్పు కాఫీ పోసేదాకా వ్యాపారం ఎత్తకూడదు. మొదటి కప్పుకి గాలీ వానా, రెండో కప్పుకి ఊళ్లో ఎవరు పోయారు, ఎవరు పడవ అమ్ముకున్నారు. తొందరపడి ముందే నోరు జారిన అమ్మకాలవాళ్లు ఖాళీ చేతులతో వెళ్లడం నేను చాలాసార్లు చూశాను.

మూడో కప్పు పోసి క్రెస్టెన్ గారే ఎత్తారు. "ఎడమవైపు వేడెక్కట్లేదు. బన్నులు ఒకవైపు పాలిపోయి వస్తున్నాయి."

"పాలిపోయినవి వెనక వరసలో పెట్టి నెట్టుకొస్తున్నా" అంది ఆయన భార్య డాగ్నీ.

"క్రిస్మస్‌లోపు మార్చాలి" అన్నారాయన.

"నేను ఆర్హుస్‌వాళ్ల దగ్గర చేరతానేమో. వాళ్లతో మీ పేరు చెప్పచ్చా?"

"చెప్పు. నువ్వెక్కడుంటే అక్కడే కొంటా."

అంతే. కాగితం లేదు, చెయ్యి కలపడం లేదు. ఆయన ఒకసారి అన్నారంటే అన్నట్టే. ఇంకో అయిదు బేకరీలు తిరిగాను, అయిదుగురూ అదే మాట. మిగిలిపోయిన గోడ కాగితం వెనక తీరమంతా గీసి, ఒక్కో బేకరీ దగ్గర అన్నీ రాసి, చుట్టచుట్టి ఆర్హుస్ పట్టుకెళ్లాను. గంటకు పైగా మాట్లాడాను. యానిక్, అతని పక్కన ఇంకో ఇద్దరు. తలలెత్తకుండా రాసుకున్నారు. "అద్భుతం. ఒక్క ఫొటో తీసుకోనా?" అన్నాడు యానిక్. అడిగేటప్పటికే తీసేశాడు.

చెప్తామన్న వారం పోయింది, ఇంకో వారం పోయింది. చివరికి మధ్యవేసవి పండగ పొద్దున్నే వచ్చింది మెయిల్. పోటీ చాలా గట్టిగా ఉందట. ఇంకొకరిని ఎంచుకున్నారట. నా ముందుముందు ప్రయాణానికి శుభాకాంక్షలట.

"కృతజ్ఞతలు చెప్తూ ఒక మెయిల్ పెట్టండి. ఎక్కడ మెరుగుపడాలో అడగండి. తలుపు తెరిచి ఉంచాలి" అన్నాడు వాల్డెమార్. పెట్టాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది, నేను వాళ్లకి కృతజ్ఞతలు చెప్పాను. జవాబు ఒక్క ముక్క. నేను కస్టమర్లకు మరీ దగ్గరగా ఉంటానట.

ఆ సాయంత్రం రేవు దగ్గర పండగ మంట వేశారు. పైన గడ్డితో చేసిన మంత్రగత్తె, చుట్టూ ఊరంతా చేరి పాటలు. నేను పాడలేదు. ఆ గడ్డిబొమ్మ బదులు ఎవరిని కూచోబెట్టాలో చెప్పమంటే మాత్రం చెప్పేదాన్ని.

ఆగస్టులో ఒకరోజు కొత్త బంగాళాదుంపలు గీకుతూ ఉంటే ఫోన్ మోగింది. క్రెస్టెన్ గారు. ఆయన ఫోన్ చెయ్యడమే వింత.

"శుభం అమ్మాయ్, మంచి చోట చేరావు" అన్నారు. "ఒక్క మాట. నువ్వే వస్తావనుకున్నాం."

"ఎక్కడికి?"

"ఓవెన్‌కి. మీ కుర్రాడొచ్చాడుగా. గూడ్రున్ పంపింది అన్నాడు. నువ్వు ఆఫీసులో చూసుకుంటావట, ఊళ్లు తిరగడం తన పనట. ఎడమవైపు వేడెక్కట్లేదటగా అన్నాడు రాగానే. నువ్వే చెప్పి ఉంటావనుకున్నా."

దుంప గిన్నెలో పడేశాను. "సంతకం పెట్టారా?"

"నీ పేరు చెప్పాక ఇంకేం చూస్తాను? కాఫీ కూడా పొయ్యలేదు. సరాసరి సంతకమే."

నేను నోరు తెరిచేలోపు డాగ్నీ ఫోన్ లాక్కుంది. "ఆఫీసులో కూచునేంత పెద్దదానివయ్యావా? ఇన్నేళ్లు మా వంటింట్లో తిని, తల నిండా జెల్ పూసుకున్న కుర్రాణ్ణి పంపిస్తావా మా మొహాన? సంతోషం." పెట్టేసింది.

అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, అది నాకు తెలిసింది అప్పుడే. నా మాట తప్ప నాకింకే ఆస్తీ లేదు ఆ తీరంలో. నేనొక ఓవెన్ పదేళ్లు నడుస్తుందంటే నడుస్తుంది, పది రోజులాగమంటే ఆగుతారు. దాన్ని ఎవడో జేబులో వేసుకుపోయి, నాకు ఇవ్వనన్న ఉద్యోగంలో నేనున్నానని చెప్పి సరుకు అమ్ముకున్నాడు. మళ్లీ ఫోన్ చెయ్యబోయి ఆగాను. ఇది ఫోన్‌లో చెప్పేది కాదు, ఎదురుగా నిలబడి చెప్పాలి. కారేమో ఐవిన్‌తో కార్ఖానాలో ఉంది.

ఐవిన్ ఇంటికొచ్చాడు. రెండో షిఫ్టు ఎత్తేశారు, ఇకనుంచి తనకు సగం షిఫ్టే పని అన్న వార్తతో వచ్చాడు. అతను కోటు విప్పుతుండగానే యానిక్ ఫోన్.

"గూడ్రున్ గారూ, మీకు మంచి కబురు. కొత్తగా ఒక పోస్టు వచ్చింది. చూడగానే మీరే గుర్తొచ్చారు. ఎల్లుండి వస్తే జీతం, కారు మాట్లాడేసుకుందాం."

వస్తానని పెట్టేశాను. ట్యూబోరోన్ సంగతి వాళ్ల మొహాలు చూశాకే తేలుద్దామనుకున్నాను. ఐవిన్‌కి రెండు ఫోన్‌ల సంగతీ చెప్పాను. 

"చేరు" అన్నాడు, కోటు కొక్కేనికి తగిలిస్తూ. "కోపం తర్వాత పడు."

"నా పేరు పెట్టి అబద్ధమాడారు ఐవిన్."

"వాడుకున్నారు, ఇప్పుడు జీతమిస్తామంటున్నారు. చెల్లుకు చెల్లు."

"నీకు చెల్లిందేమో."

"నాకేం చెల్లుతుంది? సగం షిఫ్టుతో చలికాలం ఎలా గడుస్తుందో నువ్వే చెప్పు." గొంతు పెంచే మనిషి కాదు. పెంచాడు. నేనూ తగ్గలేదు. మర్నాడంతా ఒకే వంటింట్లో ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని, ఉప్పు కావాలన్నా అడక్కుండా లేచి తెచ్చుకుని తిన్నాం.

అయినా తనే ఆర్హుస్ తీసుకెళ్లాడు. దారిలో రేడియో మాట్లాడింది, మేం మాట్లాడలేదు.

అదే గది, ఆ ముగ్గురే. కాఫీ, బిస్కెట్లు. యానిక్ నా జీతం చెప్పాడు, పాత జీతం కన్నా ఎక్కువే. కారు రంగు కూడా నన్నే ఎంచుకోమన్నాడు. "మీ తీరంవాళ్లు భలే మొండివాళ్లండీ" అని నవ్వాడు. "ఒకాయన తప్ప మిగతా అయిదుగురూ, గూడ్రున్ వస్తేగానీ సంతకం పెట్టమంటున్నారట. సరే, ఇక మీరొచ్చేశారుగా. మీకేమైనా ప్రశ్నలున్నాయా?"

"ఒకటుంది" అన్నాను. "క్రెస్టెన్ గారికి ఫోన్ చెయ్యండి. ఇప్పుడే, నా ముందు. ఆయన సంతకం పెట్టిననాడు నేను మీ మనిషిని కానని చెప్పండి. తర్వాత ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

మిగతా ఇద్దరూ కప్పుల్లోకి చూసుకున్నారు. యానిక్ మాత్రం నవ్వు చెరగనివ్వలేదు. "అవన్నీ ఇప్పుడెందుకు గూడ్రున్ గారూ? మీరు సోమవారం చేరిపోతే, అది అబద్ధం కాకుండా పోతుంది కదా."

ఎంతో మందిని చూశాను నా ఉద్యోగంలో. బేరమాడినవాళ్లని, ఎగ్గొట్టినవాళ్లని, మొహం మీద తలుపేసినవాళ్లని. ఇంత శుభ్రంగా, కాఫీ పోస్తూ, ఇలాంటి మాట అన్నవాణ్ణి చూడలేదు. అరుద్దామనుకున్నాను. కాఫీ కప్పు పక్కకి జరిపాను.

"ఓహో" అన్నాను. "మీ అబద్ధాన్ని నిజం చెయ్యడానికన్నమాట ఈ ఉద్యోగం."

"మీరు దాన్ని అలా తీసుకోకండి."

"ఒక పని ఉచితంగా చేశాను మీకు. ఈ పని జీతానికి కూడా చెయ్యను." కోటు తీసుకుని లేచాను. ఎవరూ ఆపలేదు.

ఐవిన్ కారులో కూర్చుని కాలేయం ముద్ద పూసిన రొట్టె తింటున్నాడు. "ఎప్పట్నుంచి?" అన్నాడు.

"లేదు."

నమలడం ఆపాడు. ఇప్పుడు మళ్లీ మొదలౌతుంది మా పోట్లాట అనుకుని, యానిక్ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అతను మిగిలిన రొట్టె కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

"సోమవారానికి అబద్ధం కాకుండా పోతుందా? అలాగే అన్నాడా?"

"అలాగే అన్నాడు."

కారు స్టార్ట్ చేశాడు. ఊరి చివర పడమటి దారి పట్టాడు. "ముందు ట్యూబోరోన్‌కేగా?" అన్నాడు.

మేం వెళ్లేసరికి క్రెస్టెన్ గారి పెరట్లో లారీ ఆగి ఉంది. కొత్త ఓవెన్ వచ్చేసింది. పెద్ద బీరువాలాంటిది, ప్లాస్టిక్ చుట్టి ఉంది, లారీ వెనక పలక మీదుగా దించుతున్నారు. క్రెస్టెన్ గారు పిండి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డారు. డాగ్నీ నన్ను చూసి మొహం తిప్పుకుంది. కాఫీ లేదు, వాన మాట లేదు. నిలబడ్డచోటే మొత్తం చెప్పాను. గోడ కాగితం, ఫొటో, మెయిల్, సోమవారం మాట.

ఆయన అంతా విన్నారు. "అయితే నేను సంతకం పెట్టిననాడు నువ్వు వాళ్ల మనిషివి కావు."

"కాను."

"ఇవాళ?"

"ఇవాళా కాను."

ఆయన లారీ డ్రైవర్ వైపు తిరిగారు. "బాబూ, అక్కడే పెట్టు."

"ఇక్కడా? లోపల పెట్టమన్నారండి. ఇక్కడ తడుస్తుంది."

"తడవనీ."

డ్రైవర్ అందుకున్నట్టు సంతకం అడిగాడు. ఇక తన సంతకం దొరకదని, కావాలంటే ఇప్పుడే తిరిగి పట్టుకుపొమ్మని క్రెస్టెన్ గారు చాలా మర్యాదగా చెప్పారు. డ్రైవర్ ఆఫీసుకి ఫోన్ చేశాడు, దించేసి రమ్మని వాళ్లు అరిచారు, అతను భుజాలెగరేసి ఖాళీ లారీ తోలుకుపోయాడు.

"ఫోన్‌లో నిన్ను అన్నన్ని మాటలన్నాను" అంది డాగ్నీ, ఇంకా నా వంక చూడకుండా.

"అన్నారు."

"తిరిగి ఒక్క మాటనలేదేం?"

"మీరు పెట్టేశారుగా."

ఐవిన్ దగ్గినట్టు నవ్వాడు. డాగ్నీ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "కొట్లో ఉండే పిల్ల చదువుకి ఆల్బోర్గ్ వెళ్లిపోతోంది. ఆ పిల్ల పనికి ఆదివారాలతో సహా రాగలవా?"

"రాగలను."

"సరే అయితే."

ఆ ఏడాది నేనిచ్చిన ఇంటర్వ్యూలన్నిట్లో పొట్టిది అదే. జీతం పాతదాంట్లో సగం. ఐవిన్ది సగం షిఫ్టు. పొద్దున నేను ముందు లేచి వెళ్లిపోతాను, మధ్యాహ్నానికి అతను ఇల్లు చేరి వంట చేస్తాడు. చేపల మనిషే అయినా చేప వండటం రాదు, తిట్టుకుంటూ తింటాను.

ఆర్హుస్‌వాళ్లు ఉత్తరాలు రాశారు. ఒప్పందం అన్నారు, వకీలు అన్నారు. కోర్టుకెళ్దాం రండి, గూడ్రున్ సాక్ష్యం చెప్తుందని క్రెస్టెన్ గారు జవాబిచ్చారు. వాళ్లు రాలేదు. ఓవెన్ మాత్రం అక్కడే ఉంది. పడమటి గాలికి ప్లాస్టిక్ చిరిగి రెపరెపలాడేది, మీద సముద్రపు కాకులు వాలేవి. కొట్టుకి వచ్చే ప్రతివాళ్లూ పెరటి పక్కనుంచే రావాలి. వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. రొట్టె కోసిచ్చేలోపు నేను చెప్తాను. ఎవరిదా ఓవెన్, ఏం చెప్పి అమ్మారు, ఎందుకు తడుస్తోంది. పడవలవాళ్లు విని ఇంకో రేవులో చెప్పారు. మిగతా అయిదు బేకరీలకూ నేను వెళ్లకముందే కబురు వెళ్లింది. ఎలా అమ్మాలో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అక్టోబరు ఆఖర్న, శనివారం రద్దీలో, వరసలో చివర యానిక్ నిలబడి ఉన్నాడు. మంచి కోటు, తడిసిన బూట్లు. ముందున్న జాలర్లందరికీ రొట్టెలిచ్చాను, అతని వంతు వచ్చేదాకా తల తిప్పలేదు.

"గూడ్రున్ గారూ, ఒక్క నిమిషం విడిగా మాట్లాడుకుందామా?" అన్నాడు గొంతు తగ్గించి. "ఓవెన్ తీసుకెళ్లిపోతాం. మీరు ఈ మాటలు ఇంతటితో ఆపేస్తే, మీకు కూడా ఏదో ఒకటి చూద్దాం."

"రొట్టె ఏం కావాలి? వెనక జనం ఉన్నారు."

అతను వెనక్కి చూసుకున్నాడు. కొట్టు నిండా జనం. "రై రొట్టె ఒకటి" అన్నాడు.

కోసి, కాగితంలో చుట్టి ఇచ్చాను. అతని వెనక ఊరికి కొత్తవాళ్లు, సముద్రం చూడటానికొచ్చిన దంపతులు. ఆవిడ కిటికీలోంచి పెరట్లోకి తొంగిచూస్తోంది. "అదేంటండీ, కొత్త ఓవెన్‌లా ఉంది? అలా వానలో వదిలేశారేం?"

 జాలర్లు బయటికి వెళ్లబోయినవాళ్లు ఆగిపోయారు. డాగ్నీ లోపల్నుంచి బన్నుల పళ్లెంతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఈయన పేరు యానిక్ గారమ్మా" అన్నాను. "ఓవెన్ ఈయనదే. చెప్పండి యానిక్ గారూ. మొదట్నుంచి చెప్పండి, ఇక్కడ ఎవరికీ తొందరలేదు."